మా పల్లెలో సముద్ర సమాచారం బోర్డు: ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, ఎలా నడపాలి?

తీరం_కుర్రాళ్లు అడిగిన ప్రశ్న

భీమిలికి ఉత్తరాన ఉన్న మత్స్యకార పల్లె మాది. జెట్టీ లేదు, పడవలు ఇసుక మీంచే తోస్తారు. దాదాపు అన్నీ అవుట్‌బోర్డు ఇంజను పెట్టిన ఫైబర్ పడవలే. తెల్లవారుజామున రెండు, మూడు గంటలకి వేటకి వెళ్లి మధ్యాహ్నంలోపు వచ్చేస్తారు. ఆడవాళ్లలో ఎక్కువమంది నెత్తళ్లు, కానాగంతలు ఎండబెట్టి అమ్ముకుంటారు.

పడవలు పెట్టే చోటుకి ఎదురుగా ఉన్న గోడని పంచాయతీ వాళ్లు ఇస్తామన్నారు. అక్కడ రోజూ సముద్రం సంగతి, చేపలు దొరికే చోట్ల సమాచారం, గాలి, తేమ రాసి పెట్టాలని మా కుర్రాళ్ల ఆలోచన. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుంటున్నారు. చూడని వాళ్లే ఎక్కువ. వాట్సాప్‌లో వచ్చేది నిన్నటిదో మొన్నటిదో తెలియదు.

తెలియాల్సినవి ఇవి. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం) వాళ్ల బులెటిన్‌లో ఉన్నదంతా రాయాలా, అందులో కొంతే తీసుకోవాలా? డిగ్రీలు, మీటర్లు, నాట్లు మా పెద్దవాళ్లకి ఎక్కవు, వాటినెలా మార్చాలి? ఎండు చేపల వాళ్లకి పనికొచ్చేది ఏం రాయొచ్చు? మైకు, లైటు సోలార్ మీద నడపాలంటే ఎంత సామాను కావాలి? ఇంకొకటి, వేట ఎంత పడిందో మేం కూడా రాసి దాచుకుంటే లాభం ఉంటుందా, లేక అది వ్యాపారుల చేతికి పోయి మాకే నష్టం అవుతుందా?

---

కెరటం_లెక్క

ముందు వేళ సంగతి. మీ వాళ్లు రాత్రి రెండింటికి లేచి పోతున్నారంటే వెళ్లాలా వద్దా, డీజిలు, పెట్రోలు ఎంత పోయించాలి అన్నది ముందు రోజు సాయంత్రమే తేల్చుకుంటారు. కాబట్టి బోర్డు సాయంత్రం ఆరున్నరకల్లా నిండాలి. ఉదయం ఎనిమిదింటికి అందంగా రాసిన బోర్డు మీ ఊరికి ఎందుకూ పనికిరాదు. రాత్రి తొమ్మిదికి ఒకసారి వాతావరణ శాఖ హెచ్చరిక మారిందేమో చూసి, మారితే ఆ గడి ఒక్కటీ దిద్దండి.

గడులు ఐదు చాలు. పైన తేదీ, రాసిన టైము. తర్వాత హెచ్చరిక, గాలి, కెరటం, చేపల చోటు. కిందన తేమ, అది ఎండు చేపల వాళ్లకి. బులెటిన్ మొత్తం ఎక్కించారంటే నాలుగో రోజుకి చదివేవాడుండడు.

హెచ్చరిక గడిలోకి మీ సొంత అభిప్రాయం రానివ్వకండి. విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం మత్స్యకారులకి ఇచ్చే హెచ్చరికని ఉన్నదున్నట్టు రాయండి: "వేటకి వెళ్లవద్దు", ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ తీరానికి. అది ఉన్న రోజున చేపల చోటు గడి తుడిచేసి ఖాళీగా ఉంచాలి. రెండూ పక్కపక్కన కనబడితే కళ్లు చేపల మీదికే పోతాయి. ఓడరేవు హెచ్చరిక నంబరు కూడా రాయండి. దాని అర్థం మాత్రం గోడ మీద పెయింటుతో పక్కాగా రాయించేయండి: 1, 2 అంటే వాయుగుండమో తుపానో దూరంగా సముద్రంలో ఉంది, 3, 4 అంటే రేవుకే ముప్పు పొంచి ఉంది, 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం, 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి. ఒకటో నంబరు టీవీలో రోజూ వినీ వినీ జనం లెక్కచెయ్యడం మానేశారు. అసలు చూడాల్సింది మూడు దాటిందా లేదా అన్నది.

గాలి. నాట్లలో ఉంటే 1.85తో గుణించి గంటకి కిలోమీటర్లలో రాయండి. దిశ దగ్గర ఒక తిరకాసుంది. గాలి దిశ అంటే అది ఎటునుంచి వస్తుందో అది. నీటి ప్రవాహం దిశ అంటే అది ఎటు పోతుందో అది. "నైరుతి గాలి, ఈశాన్య ప్రవాహం" అంటే రెండూ ఒకే వైపు పోతున్నట్టు. ఇది తెలియక రాసేవాళ్లు బాణం గుర్తు తిరగేసి వేస్తారు. అందుకే బాణాలొద్దు, "నైరుతి నుంచి గాలి", "ఈశాన్యానికి నీరు" అని మాటల్లోనే రాయండి. గ్రాఫు కింద యూటీసీ (అంతర్జాతీయ సమయం) అని ఉంటే అయిదున్నర గంటలు కలపాలి, సున్నా గంటలు అంటే మన ఉదయం 5:30.

కెరటం దగ్గర చాలామంది పొరబడతారు. బులెటిన్‌లో ఉండే ఎత్తు అన్నిటికన్నా పెద్ద కెరటానిది కాదు. వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు వేస్తారు. బులెటిన్ 1.5 మీటర్లు అన్న రోజు ఒక్కో కెరటం మూడు మీటర్ల దాకా లేవొచ్చు. కాబట్టి బోర్డు మీద రెండూ రాయండి: "మామూలుగా 1.5, అప్పుడప్పుడు 3 మీటర్ల దాకా". దాంతోపాటు కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో రాయాలి. జెట్టీ లేని ఊరికి ఇది ఎత్తుకన్నా ముఖ్యం. దూరం నుంచి వచ్చే పొంగు 12, 14 సెకన్లకోటి చొప్పున వస్తే నడి సముద్రంలో పడవకి తెలియనే తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి అదే లేచి విరుగుతుంది. పడవ తోసేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు బోల్తాపడేది అక్కడే. ఎత్తు ఒక మీటరే ఉన్నా సెకన్లు 12 దాటితే ఆ గడి ఎర్ర సుద్దతో రాయండి.

చేపల చోటు. ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో నీటి పైపొర వేడి, నీటిలోని పచ్చదనం చూసి, చల్లనీరూ వేడినీరూ కలిసే అంచుల్ని పట్టి ఈ సమాచారం ఇస్తుంది. మీది ఉత్తరాంధ్ర విభాగం, తెలుగులోనే దొరుకుతుంది. పట్టికలో తీరంలోని చోటు పేరు, దిశ, బేరింగ్ (ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు కొలిచే కోణం), దూరం ఎంత నుంచి ఎంత, లోతు ఎంత నుంచి ఎంత, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. మీ పల్లెకి దగ్గరగా ఉన్న రెండు మూడు వరసలు చాలు. నమూనాకి ఒక వరస: "భీమిలి నుంచి ఆగ్నేయం, బేరింగ్ 130, 22 నుంచి 27 కిలోమీటర్లు, లోతు 30 నుంచి 35 బారలు". మీటర్లని 1.83తో భాగిస్తే బారలు వస్తాయి. పై వరసలో లోతు అసలు 55 నుంచి 65 మీటర్లు.

బేరింగ్ రాశాక ఒక్క క్షణం ఆగి చూసుకోండి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంది. 300 అని పడిందంటే అది నేల మీదికి చూపిస్తున్నట్టే, అంకె తప్పు.

జీపీఎస్‌లో ఎక్కించేటప్పుడు జరిగే తప్పు ఇంకా ఖరీదైనది. బులెటిన్‌లో 17 డిగ్రీల 42 నిమిషాల 30 సెకన్లు అని ఉందనుకోండి. దాన్ని దశాంశాల్లో చెప్పాలంటే 17.7083. కొందరు 17.4230 అని కొట్టేస్తారు. దాదాపు 32 కిలోమీటర్లు దక్షిణానికి పోయినట్టు! నిమిషాల దశాంశం చూపించే జీపీఎస్ అయితే 42.30 కాదు, 42.50 కొట్టాలి. ఇక్కడ తప్పినా తేడా 370 మీటర్లే. ఊళ్లో పడవల జీపీఎస్‌లన్నీ ఒకే పద్ధతిలోకి మార్పించి, బోర్డు మీద కూడా ఆ పద్ధతిలోనే రాయండి.

ఆ చోటుని చుక్కలా కాకుండా గీతలా చూడాలి. సెకనుకి అర మీటరు ప్రవాహం ఉంటే 12 గంటల్లో నీరు దాదాపు 22 కిలోమీటర్లు జరుగుతుంది. మన తీరం వెంట ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. చెప్పిన చోట ఏమీ లేకపోతే ఆ నెలలో నీరు పోయే వైపు గీత వెంట వెతకమనండి. ఇదంతా పైనీటిలో తిరిగే కవళ్లు, కానాగంతలు, సూరల లాంటి వాటికి. అడుగున ఉండే రొయ్యకి దీన్ని నమ్ముకుని డీజిలు తగలేయకూడదు.

మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీరు కనబడదు, బులెటిన్ రాదు. నైరుతి రుతుపవనాల్లో ఇది వరసగా రోజుల తరబడి ఉంటుంది. అప్పుడు "మబ్బు వల్ల ఈరోజు లేదు" అని రాయండి. నిన్నటిది అలాగే వదిలేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇలాంటి బోర్డుల మీద నమ్మకం చచ్చిపోయేది అక్కడే.

---

తీరం_కుర్రాళ్లు

ఎంతో ఓపిగ్గా చెప్పారు సార్, ధన్యవాదాలు. ఒక అనుమానం. దూరం ఎక్కువున్న రోజున వెళ్లడం గిట్టుబాటో కాదో బోర్డు మీదే చూపించొచ్చా?

---

కెరటం_లెక్క

చూపించొచ్చు, కానీ లాభనష్టాలు మీరు తేల్చకండి, ఇంధనం లెక్క ఒక్కటి ఇవ్వండి. ఇంజను గంటకి 4 లీటర్లు తాగుతూ పడవ గంటకి 12 కిలోమీటర్లు పోతుందనుకుంటే లీటరుకి 3 కిలోమీటర్లు. 27 కిలోమీటర్ల చోటుకి పోయి రావడానికే 18 లీటర్లు, వెతుకులాటకి, వల లాగేటప్పటికి ఇంకో మూడో వంతు వేసుకోండి, 24. మీ ఊళ్లో ఎక్కువగా ఉన్న ఇంజను ఎంత తాగుతుందో ఒకసారి డబ్బా కొలిచి చూసి ఆ అంకె వాడండి. "పోయి రావడానికి 24 లీటర్లు" అని ఉంటే చాలు, మిగతాది పడవ నడిపేవాడికి మనకన్నా బాగా తెలుసు.

ఒడ్డు కనుమరుగయ్యాక మామూలు ఫోను పనిచెయ్యదు. వెళ్లేముందు చెప్పింది ఒక్కటే వాళ్ల దగ్గరుంటుంది. జెమిని పరికరం ఉన్న పడవలకి గగన్ ఉపగ్రహాల ద్వారా నడి సముద్రంలోనూ హెచ్చరికలు అందుతాయి, బ్లూటూత్‌తో ఫోన్లో చదువుకోవచ్చు. కానీ అది వినడానికే, దాంట్లోంచి తిరిగి కబురు పంపలేం. ఏ పడవల్లో అది ఉందో ఊళ్లో అందరికీ తెలిసి ఉంటే మిగతావాళ్లు వాటికి కనుచూపు మేరలో వేట చేసుకోవచ్చు. తీర రక్షక దళం నంబరు 1554 బోర్డు మీద శాశ్వతంగా ఉండాలి.

---

ఉప్పుకళ్లం

మగవాళ్ల గడులు నాలుగు, ఆడవాళ్లకి ఒకటా? నా మాట వింటే ఎండు చేపలకి వేరే బోర్డు పెట్టండి, కళ్లం దగ్గరే. వాళ్లకి కావాల్సింది వేరు, వేళ కూడా వేరు. వాళ్లు చూసేది పడవలొచ్చాక, పచ్చి చేప కొనే ముందు.

అసలు సంగతి తేమ. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుంటుంది, అంతకన్నా తక్కువుంటే వదులుతుంది. ఉప్పు పట్టించిన చేపదీ అదే దారి. తేమ 80 ఉన్న రోజు ఎంత ఎండ కాసినా ఉప్పు చేప ఆరుబయట సరిగా ఎండదు, సాయంత్రం ఎత్తకపోతే పగలు పోయిన నీరు రాత్రికి మళ్లీ ఎక్కుతుంది. విశాఖ తీరంలో తేమ 75 దాటే రోజులు చాలా ఎక్కువ. కాబట్టి ఆ బోర్డు మీద మూడే మాటలు చాలు (డ్రయ్యరు అంటే ఎండ వేడిని లోపల పట్టి ఉంచే గుడారం): 65 లోపు ఉంటే "ఆరుబయట ఎండుతుంది", 65 నుంచి 75 అయితే "డ్రయ్యరు మేలు, బయటైతే పల్చగా పరవాలి", 75 పైన "డ్రయ్యరులోనే, లేదంటే ఉప్పులో ఉంచండి". తేమ తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. కాబట్టి పదకొండింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి కొలిచి రాయాలి. ఉదయం ఆరింటి అంకె చూసి నిర్ణయం తీసుకుంటే చాలా రోజులు అనవసరంగా మానేస్తారు.

సోలార్ టెంటు డ్రయ్యరు ఎందుకు పనిచేస్తుందో లెక్కతో చెబితే జనం నమ్ముతారు. బయట 32 డిగ్రీలు, తేమ 80 శాతం. అదే గాలి లోపల 45 డిగ్రీలకి వేడెక్కితే తేమ 40 శాతానికి పడిపోతుంది. గాలిలో నీరు తగ్గలేదు, గాలికి పట్టే నీరు పెరిగింది, అంతే. అందుకని మబ్బుగా ఉన్నా లోపల నాలుగైదు డిగ్రీలు పెరిగితే చాలు, ఎంతో కొంత ఎండుతుంది. అయితే 55 దాటనివ్వకండి. పైపొర గట్టిపడి పెచ్చు కడుతుంది, లోపలి నీరు బయటికి రాలేదు. పైకి కరకరలాడుతుంది, వారంలో లోపల నుంచి కుళ్లు వాసన కొడుతుంది. గాలి బయటికి పోయే రంధ్రాలు పైన సరిపడా లేకపోవడమే దీనికి కారణం. డ్రయ్యరు కట్టేవాళ్లు వేడి పోతుందని వాటిని చిన్నవి చేస్తారు. కింద గాలి వచ్చే చోటు ఎంత వైశాల్యమో పైన కనీసం అంతే ఉండాలి, రెండిటికీ ఈగలు దూరకుండా సన్న వల వెయ్యాలి. లోపల ఒక థర్మామీటరు వేలాడదీసి 50 దగ్గర ఎర్ర గీత గీయండి. ముల్లు అక్కడికి రాగానే పక్క తెర ఎత్తెయ్యడమే.

ఎండిందో లేదో చేత్తో నొక్కి చూసేవాళ్ల అనుభవాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కొనేవాడితో బేరమాడేటప్పుడు తూకం అంకె చేతిలో ఉంటే బలం. ఒక ట్రేకి ఎర్ర రిబ్బను కట్టి, అందులో సరిగ్గా 10 కిలోలు పచ్చి నెత్తళ్లు వెయ్యండి. వాటిలో నీరు 78 శాతం అనుకుంటే పొడి పదార్థం 2.2 కిలోలు. 15 శాతం తేమ దగ్గర ఆపాలంటే ట్రేలో 2.6 కిలోలు మిగలాలి. అది 3 కిలోలు తూగుతుంటే ఇంకా ఎండాలి. రిబ్బను ట్రే ఎప్పుడూ డ్రయ్యరులో నీడ పడే మూలన ఉండాలి. అది ఎండిందంటే మిగతావి ఎండినట్టే.

కానాగంతల్లాంటి పెద్దవాటికి చీరి, పేగులు తీసి, కడిగి, నాలుగు కిలోల చేపకి ఒక కిలో ఉప్పు. ఉప్పు శుభ్రమైనది కావాలి. మట్టి కలిసిన గల్లుప్పు వాడినా, పోయినసారి మిగిలిన ఉప్పే మళ్లీ వాడినా చేప మీద గులాబీ రంగు మచ్చలు వస్తాయి. అది ఉప్పులో బతికే సూక్ష్మజీవుల పని, తేమా వేడీ కలిస్తే రెండు మూడు రోజుల్లో పాకుతుంది. మచ్చ పడ్డ చేపని కడిగి మళ్లీ ఎండబెట్టి మిగతావాటిలో కలిపితే మొత్తం పాడవుతుంది, వేరుగా తీసేయాలి. ఈగలకి పురుగుమందు చల్లే అలవాటు ఎక్కడైనా ఉంటే వెంటనే ఆపించండి, తినేవాళ్ల ప్రాణంతో చెలగాటం అది. వెదురు మంచె నేలకి మూడడుగుల ఎత్తున కట్టి పైన దోమతెర వేస్తే సరిపోతుంది.

విశాఖ పాండురంగాపురంలో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. డ్రయ్యరు నమూనాలు, ఉప్పు పట్టించే పద్ధతులు వాళ్ల పనే. మీ సచివాలయంలో గ్రామ మత్స్య సహాయకులు ఉంటారు, వారి ద్వారా ఊరి మహిళా సంఘం పేరున వెళ్లి అడగండి.

---

పన్నెండు_వోల్టులు

సామాను సంగతి నేను చెబుతాను.

రోజు వాడకం: బోర్డు లైటు 10 వాట్లది 5 గంటలు, అంటే 50 వాట్ అవర్లు. 30 వాట్ల ఆంప్లిఫయరు అరగంట, 15. ఫోను, సెన్సరు కలిపి 10. మొత్తం 75. దీనికి 40 వాట్ల ప్యానెల్ చాలు. నికరంగా 4 గంటల ఎండ, నష్టాలు 30 శాతం పోగా 112 వస్తుంది. బ్యాటరీ 12.8 వోల్టుల 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు తీసుకోండి. 256లో 80 శాతమే వాడినా 205, రెండున్నర రోజులకి పైగా ఎండ లేకపోయినా నడుస్తుంది. 12 ఆంపియర్ అవర్లది తీసుకుంటే వాన ముసురులో రెండో రోజు రాత్రికి ఆరిపోతుంది. హెచ్చరిక చదవాల్సింది సరిగ్గా ఆ రోజునే. చార్జ్ కంట్రోలరులో లిథియం సెట్టింగు పెట్టారో లేదో చూసుకోండి, 14.4 వోల్టుల దగ్గర ఆగాలి, ఈక్వలైజేషన్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో చార్జ్ చేసే పద్ధతి) ఆపేసి ఉండాలి. లెడ్ యాసిడ్ సెట్టింగులోనే వదిలేసి బ్యాటరీ పాడుచేసుకున్నవాళ్లు కొల్లలు.

ప్యానెల్ దక్షిణం వైపు, 15 నుంచి 18 డిగ్రీల వాలు. సముద్రం అటుందని తూర్పుకి తిప్పకండి. బిగించేటప్పుడు చేత్తో తిప్పి ఊడదీసే రెక్కల నట్లు వాడండి. ఓడరేవు మూడో నంబరు పడగానే ప్యానెల్, హారను (మైకు గొట్టం) దింపి లోపల పెట్టెయ్యాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి విశాఖ నగరంలో ఏం మిగిలిందో మనందరికీ తెలుసు. దింపడానికి స్పానరు వెతుక్కునే పరిస్థితి ఉంటే ఎవరూ దింపరు.

ఇక ఉప్పుగాలి. మామూలు రాగి తీగ ఏడాది తిరిగేసరికి లోపలి దాకా పచ్చబడుతుంది, కళాయి పూసిన రాగి తీగ వాడండి, 2.5 చదరపు మిల్లీమీటర్లది. బోల్టులు 316 స్టెయిన్‌లెస్. 304 అయితే తుప్పు మచ్చలు త్వరగా వస్తాయి. అల్యూమినియం ఫ్రేముకీ స్టీలు బోల్టుకీ మధ్య నైలాన్ వాషరు వెయ్యకపోతే ఫ్రేము బోల్టు చుట్టూ పిండిలా రాలిపోతుంది. పెట్టె నేలకి ఐదడుగుల పైన, తీగలు పెట్టెలోకి అడుగు నుంచే పోవాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే, 10 ఆంపియర్లు. హారను మూతి కొంచెం కిందికి వంచండి, వాన నీరు నిలవదు. ప్యానెల్ వారానికోసారి పొద్దున్నే మంచినీళ్లతో కడగాలి.

తేమ కొలవడానికి ఎస్‌హెచ్‌టీ31 సెన్సరు, దాని అంకెలు చదివే ఈఎస్‌పీ32 సర్క్యూట్ బోర్డు సరిపోతాయి. డీహెచ్‌టీ11 వద్దు, దాని తేడాయే 5 శాతం, పైన చెప్పిన 65, 75 గీతల మధ్య అది ఎందుకూ పనికిరాదు. గాలి ఆడే తెల్లని పళ్లేల గూట్లో, నేలకి ఆరడుగుల ఎత్తున, రేకుల కప్పుకీ సిమెంటు గోడకీ దూరంగా పెట్టండి. నీరు పోకుండా గాలి పోయే పీటీఎఫ్‌ఈ మూత ఉన్న సెన్సరు అడిగి తీసుకోండి. ఎందుకంటే తీరంలో సెన్సరు మీద సన్నగా ఉప్పు పొర పేరుకుంటుంది. అప్పుడది గాలి తేమకి బదులు ఉప్పు పీల్చిన తేమ చూపిస్తుంది, ఎండ కాస్తున్నా 85, 90 దగ్గరే కూర్చుంటుంది.

సరిగా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలు చుక్కలుగా కలపండి. ఉప్పు పూర్తిగా కరిగిపోతే పనికిరాదు, ముద్దగా మిగలాలి. మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో ఆ మూతని, సెన్సరుని ఒకదానికొకటి తగలకుండా పెట్టి, నీడలో రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి 75 చూపించాలి. 73 నుంచి 77 మధ్య ఉంటే బాగున్నట్టే. 80 చూపిస్తే ఆ 5 తీసేసి రాసుకోవచ్చు, అంతకన్నా తేడా ఉంటే మార్చెయ్యండి. రెండు నెలలకోసారి ఈ పరీక్ష చెయ్యాలి.

---

వలముడి

చివరి ప్రశ్నకి నా జవాబు: రాయండి. కానీ ఏం రాయాలో, ఎవరు చూడాలో ముందే గ్రామ పెద్దలతో కూర్చుని తేల్చుకోండి.

రాయాల్సినవి: తేదీ, బులెటిన్ చెప్పిన చోటుకి వెళ్లారా లేదా, సముద్రంలో ఎన్ని గంటలు, ఎన్ని లీటర్లు కాలింది, ఏ రకం ఎన్ని కిలోలు. రాయకూడనివి: పడవ నంబరు, మనిషి పేరు, వల వేసిన చోటు. కెరటం_లెక్క గారు చెప్పిన బులెటిన్ చోట్లు ఎలాగూ అందరికీ తెలిసినవే, వాటిని గోడకెక్కించడంలో తప్పులేదు. మీ పెద్దలకి తెలిసిన చోట్లు, అడుగున రాతి బండలున్నవీ ఏ కాలంలో ఏ చేప చేరేదీ, అవి మాత్రం తరతరాలుగా ఒక ఊరు కూడబెట్టుకున్న ఆస్తి. "సర్వే కోసం" అని ఎవరైనా యాప్ పట్టుకొచ్చి జీపీఎస్ చుక్కలు అడిగితే ఊరి సంఘం ఒప్పుకున్నాకే ఇవ్వాలి, ఆ సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఊరికి తిరిగేం వస్తుంది అన్నది కాగితం మీద ఉండాలి. నా ఉద్దేశంలో అది లేకుండా ఒక్క చుక్క కూడా దాటకూడదు.

వేట ఎంత పడిందన్నది ఆ రోజే వాట్సాప్‌లో పెట్టకండి. పడవ ఒడ్డు చేరకముందే కొనేవాడికి ఆ అంకె చేరితే రేటు అక్కడే పడిపోతుంది. నెలాఖరుకి ఊరి మొత్తం మీద కూడిక వేసి అప్పుడు బోర్డుకెక్కించండి. రోజువారీగా ఊళ్లోకి రావాల్సింది అవతలి సమాచారం: విశాఖ ఫిషింగ్ హార్బరులో ఆ ఉదయం వంజరం, కానాగంతలు, నెత్తళ్లు వేలంలో ఏ రేటుకి పోయాయో. అక్కడ నమ్మకమైన మనిషి ఒకరు ఫోన్లో చెబితే చాలు, పడవలు తిరిగొచ్చే వేళకి బోర్డు మీద ఉండాలి.

నెలాఖరు లెక్కలో కిలోలు చూసి మురిసిపోవద్దు, లీటరుకి ఎన్ని కిలోలో చూడండి. బులెటిన్ ప్రకారం వెళ్లినవాళ్లకి 24 లీటర్లకి 60 కిలోలు, మామూలుగా వెళ్లినవాళ్లకి 10 లీటర్లకి 30 కిలోలు పడ్డాయనుకోండి. మొదటివాళ్లకి లీటరుకి రెండున్నర, రెండోవాళ్లకి మూడు. పైకి ఎక్కువ పట్టినట్టున్నా లీటరుకి వచ్చింది తక్కువ. ఒక్క నెల చూసి బులెటిన్ మంచిదనీ కాదనీ చెప్పలేం, ఒక వేట కాలమంతా రాయాలి. ఖాళీ వలతో వచ్చిన రోజులు కూడా తప్పకుండా రాయించండి. అవి వదిలేస్తే లెక్కంతా అబద్ధమవుతుంది.

వాట్సాప్ వాడాలనుకుంటే 40 సెకన్లు మించని వాయిస్ పంపండి, మొదటి మాటే తేదీ. "అక్టోబరు 9, గురువారం సాయంత్రం" అని మొదలైతే పాతది ఎవరు ఫార్వర్డ్ చేసినా విన్న వెంటనే తెలుస్తుంది. బోర్డు రాసేవాళ్లు ఇద్దరుండాలి, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు. ఇద్దరూ లేని రోజు బోర్డు తుడిచి ఉంచాలి.

---

తీరం_కుర్రాళ్లు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలండి. ఎండు చేపల బోర్డు కళ్లం దగ్గర వేరుగానే పెడతాం, మహిళా సంఘం వాళ్లే రాస్తామన్నారు. ఒక్కటి మిగిలింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు బోర్డు మూసెయ్యాలా?

---

కెరటం_లెక్క

మూయొద్దు. ఇంజను లేని తెప్పలకీ, ఇంజను లేని పడవలకీ నిషేధం వర్తించదు, వాళ్లకి గాలి, కెరటం కావాలి. చేపల చోటు సమాచారం ఆ రోజుల్లో మన తీరానికి ఇవ్వరు కాబట్టి ఆ గడిలో నిషేధం ముగిసే తేదీ రాయండి. పడవల మరమ్మతులు జరిగేది అప్పుడే, పిడుగుల వానలు, ఈదురుగాలులు వచ్చేదీ అప్పుడే. ఒడ్డు మీద బోర్లించిన పడవల్ని ఎంత పైకి లాగాలో తెలియాలంటే అమావాస్య, పౌర్ణమి పోటు టైములు, పొంగు హెచ్చరిక తప్పనిసరి. మే నెలలో బంగాళాఖాతంలో తుపాన్లు కూడా లేస్తాయి.

ఎండు చేపల బోర్డు మాత్రం ఎప్పటిలాగే నడవాలి, నిల్వ ఉన్న సరుకు తేమ పట్టకుండా చూసుకోవాల్సిన కాలం అది. జూన్ మొదటి వారంలో జీపీఎస్‌ల పద్ధతి, సెన్సరు ఉప్పు పరీక్ష, హారను తీగలు ఒకసారి చూసుకుని, జూన్ 14 సాయంత్రం నుంచి బోర్డు మీద గడులన్నీ మళ్లీ పెట్టండి.